వేట నిషేధం రోజుల్లో ఒక హోమ్ స్టడీ

ఏప్రిల్ నెలాఖరు. సముద్రంలో చేపల వేట మీద ఏటా పెట్టే నిషేధం మొదలై కొద్దిరోజులైంది. విశాఖపట్నంలో నేను సోషల్ వర్కరుగా పనిచేస్తున్న దత్తత సంస్థలో ఆ ఉదయం నాకొక కొత్త ఫైలు అప్పగించారు. నా రిటైర్మెంటు అప్పటికి రెండేళ్ల దూరంలో ఉంది. దరఖాస్తుదారులు భార్యాభర్తలు. నూకరాజు మరబోటు డ్రైవరు. ధనలక్ష్మి తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరులో వేలానికి వెళ్లి చేపలు కొని, తట్టలో పెట్టుకుని కాలనీల్లో అమ్ముతుంది. ఇల్లు ఒడ్డునే, జాలరుల వీధిలో. పేర్లు మాత్రం నేను మార్చాను.

హోమ్ స్టడీ అంటే ఏమిటో ముందు చెప్పాలి. బిడ్డను దత్తత తీసుకోవాలనుకునేవాళ్లు ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేసుకుని, గుర్తింపు, ఆదాయం, ఆరోగ్యం, పెళ్లి ధ్రువపత్రాలు ఎక్కిస్తారు. తర్వాత సోషల్ వర్కరు వాళ్లింటికి వెళ్లి, ఇంట్లో ఉండే ప్రతి మనిషితోనూ విడిగా, కలిపి మాట్లాడి ఒక నివేదిక రాస్తుంది. ఆ నివేదికలో ‘తగినవారు’ అని ఉంటేనే వాళ్ల పేరు వరుసలో నిలుస్తుంది. ‘తగరు’ అని రాస్తే కారణం చూపించాలి. వాళ్లు అప్పీలు చేసుకోవచ్చు. నా అనుభవంలో మాత్రం చాలామంది చేసుకోరు. అక్కడితో ఆశ వదులుకుంటారు. అందుకే ఎన్నేళ్ల సర్వీసున్నా, కొత్త ఇంటి గుమ్మం ఎక్కేటప్పుడు నాకు కాస్త భయంగానే ఉండేది.

తేదీ చెబుదామని నేను ఫోను తీసేలోపు ధనలక్ష్మే ఫోను చేసింది.

“మేడమ్, మీరెప్పుడొత్తారు? బోట్లు కట్టీసినారు. మా ఆయన ఇంటికాడే ఉన్నాడు. జూన్‌లో మళ్లీ ఎల్లిపోతాడు. ఈలోగా వచ్చీయండి.”

వారంలో వస్తానన్నాను. అంతే, ప్రశ్నలు మొదలయ్యాయి. గోడలకు రంగు వేయించాలా, ఫ్రిజ్ లేకపోతే తప్పా, ఇంట్లో చేపల వాసన వస్తే రాసేస్తారా, సముద్రం ఇంటికి అంత దగ్గరగా ఉంటే పిల్లనివ్వరా. ఒక్కోదానికీ జవాబు చెప్పాను. తాగడానికి మంచినీళ్లు, మరుగుదొడ్డి, పిల్ల పడుకోవడానికి చోటు, ఇవి ఉంటే ఇల్లు విషయంలో నాకు పేచీ లేదన్నాను. వాసన సంగతి రాయనన్నాను. అన్నిటికన్నా ముఖ్యం, నేను వచ్చిన రోజు ఇంట్లో వాళ్లంతా ఉండాలన్నాను. “అలగే మేడమ్” అంది. వెనక నుంచి ఎవరో “ఏటంట, ఏటంట” అని అడుగుతున్న గొంతులు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

చెప్పిన రోజున ఆటో దిగేసరికి, హోమ్ స్టడీకి ఒక ఇల్లు కాదు, వీధి మొత్తం సిద్ధమై ఉంది. ప్రతి గుమ్మం ముందూ ముగ్గు. ఎప్పుడూ అరుగుల మీద పరిచి ఉండే ఎండుచేపలు మాయం. వేసవి సెలవుల్లో పిల్లలందరికీ తల దువ్వి స్కూలు యూనిఫారాలు తొడిగారు. నూకరాజు ఇంటి గోడలకు నీలం రంగు కొట్టించారు. అది ఇంకా ఆరలేదు. నా చీర అంచుకు అంటుకున్న ఆ నీలం చివరిదాకా పోలేదు.

ఇరుగుపొరుగును విచారించడం కూడా ప్రక్రియలో భాగమే. నేను అడిగీ అడగకముందే మొదటి ఇంటావిడ చెప్పేసింది: నూకరాజు మంచోడు, తాగడు, ఎవరితోనూ తగువు లేదు, ధనలక్ష్మి వంట బాగా చేస్తుంది. రెండో ఇంటావిడ అవే మాటలు అదే వరుసలో చెప్పింది. మూడో ఇంట్లో ఒకమ్మాయి మధ్యలో మరచిపోతే పక్కనున్న ఆవిడ అందించింది. నాకు నవ్వు ఆగలేదు. ఎదురింట్లో ఉండే అప్పన్న కూడా బోటు డ్రైవరే. దరఖాస్తులో ఇచ్చిన సాక్షుల్లో ఒకడు. అతన్ని పక్కకు పిలిచి, నూకరాజుకు కోపం వస్తే ఏం చేస్తాడని అడిగాను. ఈ ప్రశ్న వాళ్ల పాఠంలో లేదు. అప్పన్న కాసేపు తల గోక్కున్నాడు.

“బావకి కోపమొత్తే అన్నం మానేత్తాడు మేడమ్. ఎవుల్నీ ఏటీ అనడు. బోటెక్కి ఇంజన్ తుడుసుకుంటా కూకుంటాడు.”

అది నాకు పనికొచ్చే మాట. రాసుకున్నాను.

ఇంట్లో నూకరాజు పొడుగు చేతుల చొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకుని చెమటలు కారుస్తూ నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చున్నాడుగానీ, నా ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు ఇచ్చేస్తున్నాడు. రెండేళ్లలోపు పాప కావాలని దరఖాస్తులో రాశారు. ఒక మూలకు ఉయ్యాల కట్టి, అందులో కొత్త దుప్పటి పరిచి, మీద ఒక గిలక వేలాడదీశారు. భయమేమైనా ఉందా అని అడిగితే మాత్రం అతను ఉయ్యాల వైపు చూశాడు. బోటెక్కితే పదీ పదిహేను రోజులకుగానీ ఒడ్డుకు రానని, పిల్ల తనను మరచిపోతుందేమో అన్నదొక్కటే భయమని చివరికి అన్నాడు. అది కూడా రాసుకున్నాను.

అప్పుడు మూడో మనిషి గురించి అడిగాను. దరఖాస్తులో ఇంట్లో ఉండేది ముగ్గురని ఉంది. మూడో పేరు ఎల్లమ్మ, నూకరాజు తల్లి. ఆవిడెక్కడ అన్నాను.

“సింహాచలం ఎల్లింది” అన్నాడు నూకరాజు. అదే క్షణంలో ధనలక్ష్మి “భీమిలి ఎల్లింది” అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ధనలక్ష్మి నిజం చెప్పింది. అత్త ఎక్కడికీ వెళ్లలేదు, అప్పన్న ఇంట్లో వెనక గదిలో కూర్చుని ఉంది. ఆవిడ అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. ఈ తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లలో ఆ అలవాటు ఇంకా ఉంది. పైగా నోటికొచ్చింది అనేస్తుంది. మేడమ్ ముందు ఏమంటుందోనని భయపడి ఎదురింటికి పంపేశారు.

నేను నా బాధ్యత వాళ్లకు చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో ఉండే పెద్ద మనిషిని దాచారంటే అది నివేదికలో రాయాలి. ఆవిడతో మాట్లాడకుండా ఈ స్టడీ పూర్తికాదు. మళ్లీ వస్తాను, ఈసారి ముగ్గులు వద్దు, యూనిఫారాలు వద్దు, ఎల్లమ్మ ఉంటే చాలు అన్నాను. నూకరాజు చొక్కా పైగుండీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. ధనలక్ష్మి నాకోసం తెప్పించిన కూల్‌డ్రింకు సీసా చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఒక్క రోజులో ఇంత ఉత్సాహాన్ని నీళ్లు పోసి ఆర్పానే అనిపించినా, ఆ ఇద్దరూ చుట్ట కోసమే అబద్ధమాడారని మాత్రం నాకు నమ్మకం కలగలేదు. చుట్ట తాగే అత్తగారు ఉన్నందుకు మొహాలు అంతగా పాలిపోవు.

రెండు రోజులాగి వెళ్లాను. ఎండుచేపలు అరుగుల మీదకు తిరిగొచ్చాయి. ఎల్లమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. సన్నగా, ఎండకు బాగా నల్లబడిన మనిషి. నన్ను చూసి చుట్ట నోట్లోంచి తీసి గోడకు నొక్కి ఆర్పింది. కొత్త నీలం రంగు మీద గుండ్రటి మచ్చ పడింది. లోపల ధనలక్ష్మి “ఓలమ్మా” అని నుదురు కొట్టుకుంది.

నూకరాజునూ ధనలక్ష్మినీ బయటికి పంపి ఆవిడతో ఒంటరిగా కూర్చున్నాను. దత్తత బిడ్డ ఈ ఇంటికి రావడం మీకు ఇష్టమేనా అన్నాను.

“నాకొద్దు” అంది.

ఎందుకని అడిగాను. కులమనో రక్తమనో అంటుందని నేను సిద్ధపడి ఉన్నాను. అలాంటి జవాబులు నాకు కొత్త కావు. ఆవిడ అన్నది వేరు.

“మీరిత్తారు, మేం పెంచుతాం. అన్నం తినిపిత్తాం, బడికంపుతాం. ఆ తరవాత ఎవుడో ఒచ్చి నాదంటాడు. అట్టుకుపోతాడు. అప్పుడేటి సెయ్యాల? ఒకసారి సూసీసినాం అమ్మా. ఇంకోసారి నా కోడలు బతకదు.”

అలా బయటపడింది సంధ్య సంగతి. ధనలక్ష్మి చెల్లెలు నాలుగేళ్ల కూతుర్ని వదిలి జ్వరంతో పోయింది. ఆ పిల్ల సంధ్య. తండ్రి పెంచలేనన్నాడు. నూకరాజు వేటలో ఉండగా ధనలక్ష్మి వెళ్లి పిల్లను తెచ్చేసుకుంది. మూడేళ్లు ఈ ఇంట్లోనే పెరిగింది. తర్వాత తండ్రికి అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికింది, మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, వచ్చి పిల్లను తీసుకుపోయాడు. తండ్రి కాబట్టి అతన్ని ఎవరూ తప్పుపట్టలేకపోయారు. అప్పుడూ నూకరాజు సముద్రం మీదే ఉన్నాడు. ధనలక్ష్మి నెలల తరబడి తట్ట ఎత్తలేదు. సంధ్య ఇప్పుడు బాగానే ఉంది, చదువుకుంటోంది, పండక్కి ఒకసారి వచ్చి చూసిపోతుంది.

నేను ఎల్లమ్మకు చట్టం చెప్పాను. ఇది బంధువులు మాట మీద పిల్లను పెంచుకోవడం లాంటిది కాదు. మేమిచ్చే బిడ్డ విషయంలో ముందే విచారణ జరిపి, కన్నవాళ్లకు ఇక హక్కు లేదని బాలల సంక్షేమ కమిటీ ప్రకటిస్తుంది. ఆ పైన కలెక్టరు దత్తత ఉత్తర్వు ఇస్తారు. ఆ రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా మీ బిడ్డే.

“కలెక్టరు సంతకం పెడతాడా?”

“పెడతారు.”

“ఆ కలెక్టరు బదిలీ అయిపోతే?”

“అయినా ఉత్తర్వు మారదు.”

“గవర్మెంటు మారిపోతే?”

“మారదు.”

ఎల్లమ్మ ఇదే ప్రశ్న ఇంకో రెండు మూడు రకాలుగా అడిగింది. నేను విసుక్కోలేదు. మంచి న్యాయవాది సాక్షిని అడిగినట్టు అడిగింది. చివరికి తృప్తిపడినట్టు కాళ్లు చాపుకుని, ఉయ్యాల వైపు చెయ్యి చూపించింది.

“ఆ ఉయ్యాలేటి? మాకు పసిగుడ్డు సంగతి తెల్దు. మా సంధ్యమ్మ నడిసొచ్చింది. తల్లి పోయిన గుంట. రాత్తిరి లేసి ఏడిసీది. దీపమెట్టి పక్కన కూకునేవోళ్లం, ఏటీ అడిగీవోళ్లం కాదు. అన్నం తలగడ కింద దాసుకునీది. నాను సూసీ సూడనట్టు ఊరుకునీదాన్ని. ఆరు నెల్లకి మానీసింది.”

నా చేతిలో పెన్ను ఆగింది. లోపల ఒక ఉత్సాహం లేచింది. ఎందుకో చెబుతాను. రెండేళ్లలోపు బిడ్డ కోసం వరుసలో ఉన్నవాళ్లు ఎప్పుడూ చాలామంది. ఏళ్లు వేచి ఉండాలి. అయిదేళ్లు దాటిన పిల్లలు మాత్రం బాలల హోముల్లోనే ఉండిపోతారు. తీసుకోవడానికి చాలామంది ముందుకు రారు. వచ్చినవాళ్లలో కొందరు పిల్ల అన్నం దాచుకుంటేనో, మాట్లాడకపోతేనో కంగారుపడి వెనక్కి తెచ్చేస్తారు. అలాంటి పిల్లతో ఎలా ఉండాలో మేం దరఖాస్తుదారులకు శిక్షణలో చెబుతాం. ఈ ఇల్లు ఆ దారి ఒకసారి నడిచి వచ్చింది. దరఖాస్తులో మాత్రం ఆ ముక్కే లేదు.

ముగ్గురినీ కూర్చోబెట్టి మాట్లాడాను. ఎందుకు దాచారని అడిగితే ధనలక్ష్మి తల దించుకుంది.

“ఒక పిల్లని నిలబెట్టుకోలేనోళ్లకి ఇంకో పిల్లనెలగిత్తారు అనుకున్నాం మేడమ్. అత్త నోట్లో మాటాగదని ఎదురింటికి పంపీసినాను.”

నూకరాజు నేల చూస్తూ అన్నాడు. “నాను వేటకెళ్లినప్పుడొచ్చింది. వేటకెళ్లినప్పుడే ఎల్లిపోనాది. ఇంటికొచ్చి సూత్తే దాని గౌన్లు తాడు మీద లేవు. అలగ తెలిసింది నాకు.”

భార్యాభర్తలు ఆ మాట ఒకరి ముందు ఒకరు అనుకోవడం అదే మొదటిసారని వాళ్ల మొహాలు చూస్తే తెలిసింది. నేను మధ్యలో దూరలేదు. తర్వాత పెద్ద వయసు పిల్లల గురించి చెప్పాను. నిర్ణయం వాళ్లదే, ఆలోచించుకోమన్నాను. మర్నాడు ఉదయమే ఫోను వచ్చింది. ఉయ్యాల విప్పేశామని ధనలక్ష్మి చెప్పింది. పోర్టల్లో వయసు మార్చడానికి ఏం నొక్కాలో అడిగింది.

నివేదిక నెగ్గించుకోవడం అంత సులువుగా జరగలేదు. మా సంస్థలో నా పైఅధికారికి రెండు అభ్యంతరాలు. వీళ్లు మొదటిసారి నిజం దాచారు. పెంచిన పిల్ల వెళ్లిపోయిన దుఃఖం ఇంకా తీరలేదు. రెండూ న్యాయమైనవే. కౌన్సెలరు దగ్గర కూర్చోబెట్టి ఆవిడ అభిప్రాయం జతచేశాను. దాచిన సంగతిని, దాచిన కారణాన్ని, అది బయటపడిన తీరును ఉన్నదున్నట్టు రాశాను. ‘తగినవారు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య బిడ్డకు ప్రత్యేకంగా తగినవారు’ అని ముగించాను. నిషేధం ఎత్తేసే లోపు ఆమోదం వచ్చింది. బోట్లు మళ్లీ కదిలాయి.

ఆ తర్వాత ఎదురుచూపు. ధనలక్ష్మి తన అమ్మకం దారి మార్చుకుంది. రోజు విడిచి రోజు మా ఆఫీసు గేటు ముందు తట్ట దించి, “మన నంబరెక్కడున్నాది మేడమ్” అని అడిగేది. దరఖాస్తుదారుల నుంచి ఏదీ పుచ్చుకోకూడదని మా నియమం. ఎన్నిసార్లు చెప్పినా వంజరం చేప ముక్క ఒకటి ఆకులో చుట్టి తెచ్చేది. ఎన్నిసార్లు తెచ్చినా వెనక్కి ఇచ్చేదాన్ని. నిజం చెప్పాలంటే, రోజూ పొద్దున కంప్యూటరు తెరవగానే ముందు వాళ్ల నంబరే చూసుకునేదాన్ని నేను కూడా.

జనవరిలో ఒక ఉదయం ఆ నంబరు పక్కన రంగు మారింది, అంటే వాళ్లకు ఒక బిడ్డ వివరాలు వచ్చాయి. రాయలసీమలోని ఒక జిల్లా నుంచి ఆరేళ్ల పాప. ఫొటో, ఆరోగ్య నివేదిక, పాప గురించి అక్కడి సోషల్ వర్కరు రాసిన నివేదిక ఉన్నాయి. దరఖాస్తుదారులు రెండు రోజుల్లో ఆ బిడ్డను తమ పేరున నిలుపుకోవాలి. లేకపోతే ఆ అవకాశం వరుసలో తర్వాతివాళ్లకు పోతుంది. ఫోను చేస్తే ధనలక్ష్మి తట్ట ఎవరికో అప్పగించి పరుగెత్తుకొచ్చింది. ఫొటో చూపించబోతే ఆగమంది. పంపు దగ్గరికెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. చీర కొంగుకు తుడుచుకుంది. అప్పుడు చూసింది. రెండు జడలు, ముందు పళ్లు రెండు ఊడిన పాప. చాలాసేపు చూసింది.

ఎక్కడ నొక్కాలో చూపించాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఆయన సెప్పకుండా నాను నొక్కను.”

నూకరాజు సముద్రం మీద ఉన్నాడు. బయల్దేరి కొన్ని రోజులైంది, ఫోను అందదు. ఇది బిడ్డను నిలిపి ఉంచడం మాత్రమేనని, ఇద్దరి సంతకాలూ తర్వాత ఎలాగూ తీసుకుంటారని, నియమం ప్రకారం ఇప్పుడు ఆవిడ నొక్కవచ్చని చెప్పాను.

“నియమం సంగతి కాదు మేడమ్. ఒకసారి ఆయన ఇంటికాడ లేనప్పుడే అన్నీ సేసీసినాను. తేవడం నానే. పంపడం నానే. ఈసారి ఆయన నోటితో అనాల.”

వాళ్ల తరఫున నొక్కే అధికారం నాకు లేదు. ఉన్నా నొక్కేదాన్ని కాదు. ఇద్దరం ఆటో ఎక్కి హార్బరుకు వెళ్లాం.

అప్పన్న బోటు ఇంజన్ మరమ్మతు కోసం జెట్టీకి కట్టి ఉంది. అందులో వైర్‌లెస్ సెట్టు ఉంది. ఒడ్డు నుంచి అది కొంతదూరమే పనిచేస్తుంది. అంతకు మించి వెళ్లిన బోటుకు కబురు అందాలంటే మధ్యలో ఉన్న బోట్లు ఒకదాని నుంచి ఒకటి అందించాలి. ఆ సెట్టులో మాట్లాడింది ప్రతి బోటులోనూ వినిపిస్తుంది. అందుకే నేను దగ్గరుండక తప్పలేదు. పాప పేరు, ఊరు, ఏ హోము, ఏదీ గాలిలోకి పోకూడదు. బిడ్డ వివరాలు బయటపెట్టడం నేరం. ఆ సంగతి అప్పన్నకు వివరంగా చెప్పి, అనాల్సిన మాటలు కూడా చెప్పాను.

అప్పన్న బోట్లను పిలిచాడు. నూకరాజు బావకు ఇంటి నుంచి కబురు, పిల్ల విషయం, అవునో కాదో చెప్పమనండి. ఆ మాట ఒక బోటు అందుకుంది. ఇంకో బోటుకు ఇచ్చింది. ఆ పైన ఏమీ లేదు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. జవాబు రాలేదు. ధనలక్ష్మి జెట్టీ అంచున తాళ్ల చుట్ట మీద కూర్చుని కదల్లేదు.

మర్నాడు తెల్లవారి నేను వెళ్లేసరికి వేలం జోరుగా సాగుతోంది. అప్పన్న బోటు చుట్టూ జనం. ఎల్లమ్మ కూడా వచ్చి వలల కుప్ప మీద కూర్చుంది. సెట్టులో గరగర మొదలైంది. ఎవరిదో గొంతు, దూరంగా. అప్పన్న చెవి దగ్గర పెట్టుకుని విని మావైపు తిరిగాడు.

“ఏ పిల్ల అని అడుగుతన్నాడంట. సంధ్యకేటైనా అయిందా అంటన్నాడంట.”

ధనలక్ష్మి లేచి నిలబడింది. రాత్రంతా ఆయన ఆ భయంతోనే ఉన్నాడన్న మాట. “కాదని సెప్పన్నా. సంధ్య బాగుందని సెప్పు. కొత్త పిల్ల. నడిసొచ్చీ పిల్ల.” నావైపు చూసింది. ఆడపిల్ల అని చెప్పవచ్చా అని అడుగుతోందని అర్థమై తల ఊపాను. “ఆడపిల్ల” అంది.

అప్పన్న పలికాడు. మాట వెళ్లింది. వేలంపాట పాడే మనిషి పాట ఆపేశాడు. కొనేవాళ్లు కూడా ఇటే చూస్తున్నారు. సర్వీసులో ఎన్నో ఉత్తర్వులు చూశాను. ఏ ఉత్తర్వు కోసమూ అలా నిలబడి ఎదురుచూడలేదు.

మళ్లీ గరగర. అప్పన్న విన్నాడు. ఈసారి అతని గొంతు మారింది.

“తెచ్చీమన్నాడంట సెల్లీ. ఈసారి నానొచ్చీసరికి పిల్ల ఇంట్లో ఉండాలన్నాడంట.”

ధనలక్ష్మి ఏడవలేదు, నవ్వలేదు. కొంగుతో వేలు తుడుచుకుని ఫోను అందుకుంది. సిగ్నలు ఉన్న చోటు వెతుక్కుంటూ ఇద్దరం జెట్టీ పొడుగునా నడిచాం. ఐసు పెట్టెల పక్కన దొరికింది. నొక్కింది. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగింది. బిడ్డ వాళ్ల పేరున నిలిచింది. ఆ కేక ఎవరు మొదలుపెట్టారో తెలియదు, హార్బరంతా అందుకుంది. నేను అప్పన్నను పిలిచి, పిల్ల అంత తొందరగా ఇంటికి రాదని, దత్తత కమిటీ ముందు కూర్చుని సంతకం పెట్టి తెచ్చుకోవడానికి ఆయనే రావాలని కబురు పెట్టమన్నాను. అది విని ఎల్లమ్మ పగలబడి నవ్వింది.

నూకరాజు వచ్చాక ముగ్గురూ రైలెక్కారు. ఎల్లమ్మను వద్దంటే వినలేదు. అంతకుముందే వాళ్ల ఇంటి ఫొటోలతో ఒక ఆల్బం పాపకు పంపాం. పెద్ద పిల్లల విషయంలో అది పద్ధతి. చూడబోయే మనుషుల్ని పిల్ల ముందే చూసుకోవాలి. అయిదేళ్లు దాటిన బిడ్డ ఒప్పుకోకపోతే దత్తత జరగదు. అక్కడి సోషల్ వర్కరు నాకు ఫోనులో చెప్పిన దాన్నిబట్టి, పాప వాళ్లను చూసి సిగ్గుపడలేదుగానీ వెంటనే సరే అనలేదు. వీళ్ల మాట పాపకు, పాప మాట వీళ్లకు సగం అర్థం కాలేదు. ‘ఏటి’ అంటే ఏరు అనుకుంది. వెళతావా అని కమిటీ అడిగితే, రేపు చెబుతానంది. ఆ రాత్రి వాళ్లు ముగ్గురూ లాడ్జిలో ఎలా గడిపారో నేను ఊహించగలను. మర్నాడు పాప తనే వచ్చి నూకరాజును ఒక ప్రశ్న అడిగింది. నువ్వు సముద్రానికి పోతే మళ్లీ వస్తావా అని. ప్రతిసారీ వస్తానన్నాడు. అయితే సరే అంది.

దత్తత తర్వాత రెండేళ్లపాటు, ఆరు నెలలకొకసారి మేం వెళ్లి చూసి నివేదిక పంపాలి. మొదటి నివేదిక కోసం నేను వెళ్లినప్పుడు నూకరాజు వేటలో ఉన్నాడు. తలుపు పాప తీసింది. “ఎవరు గావాల?” అంది. రాయలసీమ యాస మీద విశాఖ యాస అప్పుడే ఎక్కుతోంది. బడి గురించి, స్నేహితుల గురించి అడిగాను. బాగానే చెప్పింది. అన్నం దాచుకుంటుందా అని ధనలక్ష్మిని పక్కకు పిలిచి అడిగాను. మొదట్లో దాచేదని, ఇప్పుడు తగ్గిందని చెప్పింది. ఉన్నదున్నట్టు రాశాను. చివరి నివేదిక నా తర్వాత వచ్చిన అమ్మాయి రాసింది. అందులోనూ ఇబ్బందేమీ లేదని విన్నాను.

ఆ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. మొదటి ఫోనులోనే దరఖాస్తుదారులకు చెప్పేదాన్ని: మీ ఇంట్లో ఇదివరకు ఏ బిడ్డయినా పెరిగి వెళ్లిపోయి ఉంటే ఆ సంగతి దాచకండి, అది మీకు వ్యతిరేకం కాదు. సముద్రం మీదో, దూరప్రాంతంలోనో పనిచేసే మనిషి ఉన్న ఇంట్లో, బిడ్డ వివరాలు వచ్చిన రోజున ఆ మనిషికి కబురెలా అందాలో హోమ్ స్టడీ నాడే తేల్చి పెట్టేదాన్ని. ఒక ఇంటికి ఏ వయసు బిడ్డ నప్పుతుందో చాలాసార్లు ఆ ఇంటివాళ్లు పడిన పాత కష్టం చెబుతుంది. అది మొదటి సందర్శనలో బయటికి రాదు. నివేదిక ఇవ్వడానికి గడువు ఉంది. ఆ గడువులోపల ఆ గుమ్మం ఎన్నిసార్లు ఎక్కాలన్నది సోషల్ వర్కరు చేతిలో ఉంది.